ట్యాంకులో మిగిలిన గాలి

పర్చూరు,
మాఘమాసం.



మా వైపు ఇప్పుడు ఎవరికీ తీరిక లేదు. కల్లాల్లో మిరపకాయ ఆరుతోంది. పత్తి ఆఖరు తీతలు నడుస్తున్నాయి. కూలీల కోసం తెల్లారకముందే ఆటోలు తిరుగుతున్నాయి. తూర్పున మబ్బు తునక కనపడితే చాలు, పట్టాలు పట్టుకుని అందరూ కల్లం వైపు పరుగులు. ఇంత హడావిడిలో కాగితం ముందేసుకున్నానంటే కారణం పాఠకులైన మీరే. కిందటి ఉత్తరంలో, గాలి ట్యాంకు వీపున కట్టుకుని సముద్రంలోకి దిగే మా స్కూబా మిత్రుల గురించి ఒక్క ముక్క రాసి వదిలేశాను. మీ జాబుల్లో సగం దాన్నే పట్టుకున్నాయి. నల్లరేగడి మీద పుట్టినవాళ్లకు సముద్రం అడుగున పనేమిటండీ అని నిలదీశారు.

పనేమీ లేదు, సరదా. మాది సంఘం కాదు, క్లబ్బూ కాదు. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఒకాయన, చీరాల్లో బట్టల కొట్టున్న ఒక బాబాయి, ఇంకొల్లులో లెక్కలు చెప్పి రిటైరైన టీచరమ్మ, నేవీలో డైవరుగా చేసి విశాఖలో స్థిరపడిన గురువుగారు, ఇంకా వచ్చేపోయే నలుగురైదుగురు. గురువుగారు తప్ప మిగిలినవాళ్లమంతా ఎండు సొరకాయ నడుముకు కట్టుకుని దిగుడుబావుల్లో, లేదంటే కొమ్మమూరు కాలవలో ఈత నేర్చిన బాపతే. ఏళ్ల తరబడి కలిసి దిగుతున్నాం. ఏడాదికోసారైనా ఎవరో ఒకరి ఇంట్లో చేరి, దిగిన ప్రతిసారీ వివరాలు రాసుకునే లాగ్‌బుక్కులు ముందేసుకుని కూర్చుంటాం.

పక్కనే వాడరేవు, సూర్యలంక తీరాలు ఉండగా డైవింగుకు విశాఖ దాకా పోవడమెందుకని మరికొందరు అడిగారు. మా తీరంలో అడుగంతా ఇసుక, బురద. కృష్ణమ్మ వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రు. నాలుగు అలలు లేచాయంటే నీళ్లు చిక్కబడి పక్కవాడు కనపడడు. సముద్రంలో పట్టుకుని పెరిగే జీవాలకు, సందుల్లో దాక్కునే చేపలకు రాయి కావాలి. విశాఖ దగ్గర తూర్పు కనుమలు ఒడ్డు దాకా వచ్చాయి, ఆ బండలే నీళ్లలోకీ దిగాయి. రుషికొండ, మంగమారిపేట, భీమిలి వైపు డైవింగు సాగుతున్నదంటే ఆ రాళ్ల చలవే. అక్కడ కూడా ఏడాది పొడుగునా తేట ఉండదు. వానలు వెనకబట్టాక నదుల నీళ్లు కలిసిన ప్రవాహం తీరం వెంట దక్షిణానికి దిగుతుంది. మాఘ ఫాల్గుణాలకు అది తిరగబడి ఉత్తరానికి సాగుతుంది, నీళ్లు తేరుకుంటాయి. సరిగ్గా మా కోతల రోజులకే. అందుకని మా ముఠాలో సేద్యం ఉన్నవాడికి ప్రతి ఏడూ ఇదే తగువు. సముద్రం రమ్మంటుంది, కల్లం కదలనివ్వదు.

ముందు గాలి సంగతి చెప్పాలి, ఈ సరదాకంతా మూలం అదే. వీపున ఉండేది ఆక్సిజన్ సిలిండరని అందరూ అనుకుంటారు. కాదు, మనం పీల్చే మామూలు గాలే. అందులో ఆక్సిజన్ 21 శాతం. ఉత్త ఆక్సిజన్ పీలుస్తూ దిగితే ఆరేడు మీటర్లు దాటాక అదే ప్రాణం మీదికి తెస్తుంది. పదకొండు లీటర్ల అల్యూమినియం ట్యాంకులో 200 బార్ల ఒత్తిడితో నింపితే ఇంచుమించు 2,200 లీటర్ల గాలి పడుతుంది. దాన్ని మనం పీల్చినప్పుడు మాత్రమే, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిపోయేట్టు నోటికి అందించేది రెగ్యులేటరు. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అనే ఇద్దరు ఈ ఏర్పాటును కుదిర్చారు. అప్పటిదాకా పైనుంచి గొట్టం తగిలించుకుని దిగినవాళ్లే ఎక్కువ.

నీళ్లలో పది మీటర్లు దిగితే ఒత్తిడి రెట్టింపవుతుంది, ఇరవై దిగితే మూడింతలు. ఒత్తిడి పెరిగినకొద్దీ ఒక్కో ఊపిరికి ట్యాంకులో గాలి అన్నింతలు ఖర్చవుతుంది. మా టీచరమ్మ దీన్ని పలకమీద లెక్కలా చెబుతుంది. నెమ్మదిగా ఊపిరి తీసేవాడికి ఒడ్డున నిమిషానికి పదిహేను లీటర్లు చాలు. కంగారుపడేవాడికి పాతిక కావాలి. పది మీటర్ల లోతులో అవి ముప్పై, యాభై అవుతాయి. ఆపదకని 50 బార్లు ట్యాంకులో ఉంచి లెక్కేస్తే మొదటివాడికి యాభై అయిదు నిమిషాలు, రెండోవాడికి ముప్పై మూడు. ట్యాంకు అదే, సముద్రం అదే. తేడా అంతా మనిషిలో ఉంది.

అందుకే కొత్తగా చేరినవాడు పైకి రాగానే ఎంత లోతు పోయామని అడుగుతాడు. పాతవాళ్లు ఒకరి ట్యాంకు గేజి ఒకరు చూసుకుంటారు. ఎంత మిగిలింది? 90 బార్లా? భేష్. సంబరంగా ఈదేవాడు, చేప కనపడగానే చేతులు ఆడించేవాడు 50తో వస్తాడు. టీచరమ్మ చేతులు కట్టుకుని కాళ్లు మాత్రం ఆడిస్తుంది. మాలో ఎవరి ట్యాంకులోనూ ఆవిడకు మిగిలినంత గాలి మిగలదు. లోతుల రికార్డులు ఆవిడ పుస్తకంలో ఎక్కడా లేవు.

ఇక ఒక మిరపకాయ కథ చెబుతాను. ఒకసారి రుషికొండ దగ్గర దిగే ముందు మా మిర్చి వ్యాపారి ఒక తేజ రకం మిరపకాయను పారదర్శకంగా ఉండే కవర్లో పెట్టి, గాలి పోయేట్టు మూసి, జాకెట్టుకు తగిలించుకున్నాడు. పడవ మీద ఎండలో అది నిగనిగలాడుతోంది. ఐదారు మీటర్లకు గోధుమరంగుకు తిరిగింది. పన్నెండు మీటర్ల దగ్గర బండ పక్కన ఆగి మా అందరి ముందూ తిప్పి చూపించాడు. ఎరుపు ఆనవాలు లేదు. బూడిద కలిసిన నలుపు. అప్పుడు గురువుగారు టార్చి వేశారు. కాయ ఒక్కసారి భగ్గుమంది! తొడిమ దగ్గర పసుపు కూడా కనపడింది. టార్చి తీస్తే మళ్లీ మసి. వ్యాపారి రెగ్యులేటరు నోట్లో ఉండగానే నవ్వాడు. బుడగలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. పడవెక్కాక ఆయన అన్న మొదటి మాట: "ఈ లెక్కన యార్డును సముద్రంలో పెడితే సరుకంతా తాలు కింద కట్టేస్తారు కదండీ!"

కాయకేమీ కాలేదు. సూర్యుడి వెలుగులో ఉన్న ఎరుపును నీళ్లు మొదటి కొద్ది మీటర్లలోనే మింగేస్తాయి. తర్వాత నారింజ, పసుపు వరసగా తగ్గుతాయి. ఆకుపచ్చ, నీలం ఇంకా లోతుకు పోతాయి. రాయి గీసుకుని చెయ్యి చీరుకుంటే రక్తం కూడా ఆకుపచ్చగా కనపడుతుంది. మొదటిసారి చూసినవాడు బెదిరిపోతాడు. తెలిసినవాడు టార్చి వేసి చూసుకుని ఊరుకుంటాడు.

లాగ్‌బుక్కులు తిరగేసేటప్పుడు ఎక్కువసేపు ఆగేది పెద్ద చేప కనపడ్డ పేజీల దగ్గరనుకుంటారు మీరు. నిజమే, తాబేలు పేజీలున్నాయి. ముళ్ల రెక్కలు విప్పుకున్న లయన్ ఫిష్ పేజీలున్నాయి, రాతి సందులోంచి నోరు తెరిచి చూసే మోరే ఈల్ చేపలున్నాయి. అయినా మావాళ్లు వేలుపెట్టి చూపించే పేజీ వేరే ఉంది. ఆ రోజు ఐదు మీటర్ల దగ్గర చీరాల బాబాయికి చెవి విచ్చుకోలేదు. దిగేకొద్దీ ముక్కు మూసుకుని మెల్లగా ఊదుతుండాలి, అప్పుడు చెవి లోపలి ఒత్తిడి బయటిదానితో సరిపోతుంది. జలుబున్నరోజున అది కుదరదు. బలవంతంగా దిగితే కర్ణభేరి చిరుగుతుంది. బాబాయి చెవి చూపించి, బొటనవేలు పైకెత్తాడు. నీళ్ల కింద ఆ సైగకు పైకి పోదామనే అర్థం. ఆయన బడ్డీ, అంటే జంటగా దిగే తోడు, టీచరమ్మ. ఇంకోసారి ప్రయత్నించమని సైగ చెయ్యలేదు, మొహం చిట్లించలేదు. చెయ్యందించి పైకి వచ్చేసింది. మిగిలినవాళ్లకు ఆ రోజే ఆలివ్ రిడ్లీ తాబేలు ఎదురైంది. ఆవిడ పుస్తకంలో ఆ తేదీ ఖాళీగా లేదు. లోతు ఐదు మీటర్లు, ముగింపుకు కారణం బడ్డీ చెవి, అని పరీక్ష పేపరు మీద రాసినంత శుభ్రంగా రాసి ఉంది.

ఎవరైనా, ఎప్పుడైనా, కారణం చెప్పకుండానైనా డైవును ఆపెయ్యవచ్చు. ఎందుకని అడగకూడదు. మాలో పెద్ద రూలు ఇదొక్కటే.

పైకి వచ్చేటప్పుడు మధ్యలో ఆగే మూడు నిమిషాలు కూడా మావాళ్లకు ఇష్టం. లోతులో పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒత్తిడికి రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. గబగబా పైకి లేస్తే అది బుడగలై కీళ్లలో, నరాల్లో చేరి మనిషిని మంచాన పడేస్తుంది. అందుకే నిమిషానికి తొమ్మిది మీటర్లకు మించకుండా లేచి, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగుతాం. అప్పుడు చూసేందుకు ఏమీ ఉండదు. లంగరు తాడు పట్టుకుని ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం. ఎవరికి చలేస్తోందో, ఎవరు భయపడ్డారో, ఎవరు దాచుకుంటున్నారో అక్కడే తెలుస్తుంది.

అండమాన్ల పేజీలు వేరే రకం. పోర్ట్‌బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీవిజయపురంలో, తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. రేవు దగ్గర శ్రీకాకుళం యాస చెవిన పడుతుంది. అక్కడినుంచి హేవ్‌లాక్ దీవికి పోతాం. 2018లో దాని పేరు స్వరాజ్ ద్వీపంగా మార్చారు. విశాఖ నీళ్లు అలవాటైనవాడికి అక్కడి తేట చూస్తే కళ్లు తిరుగుతాయి. 2010 వేసవిలో అక్కడ సముద్రం వేడెక్కి పగడాలు పెద్దయెత్తున తెల్లబడ్డాయి. పగడం తన ఒంట్లో నాచులాంటి జీవులను పెట్టుకుని వాటి వంట తిని బతుకుతుంది. వేడి ఎక్కువైతే వాటిని గెంటేస్తుంది, ఆ తర్వాత ఆకలికి చస్తుంది. అంతకుముందు దిగినవాళ్ల పుస్తకాల్లో కొమ్మల పగడాలని రాసి ఉన్నచోట, తర్వాత దిగినవాళ్ల పుస్తకాల్లో రాళ్లగుట్ట అని ఉంది. కొత్తవాళ్లు రాళ్లగుట్టనే చూసి ఎంత బాగుందో అంటారు. వాళ్ల తప్పు లేదు, అంతకుముందటిది వాళ్లు చూడలేదు. పాత డైవర్లు పుస్తకాలు దాచుకోవడం ఇందుకైనా మంచిది.

మునిగిన ఓడల గురించి కూడా అడిగారు. విశాఖ అనగానే అందరికీ గుర్తొచ్చేది పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు బయట మునిగింది. 2017లో వచ్చిన సినిమా వల్ల పిల్లలకు కూడా తెలుసు. లోపలున్నవాళ్లెవరూ బతకలేదు. 2024లో మన నౌకాదళం దాని ఉనికిని మళ్లీ గుర్తించి, చనిపోయినవాళ్ల మీద గౌరవంతో ముట్టుకోకుండా వదిలేసింది. సరదా కోసం దిగేవాళ్లకు అక్కడ పని లేదు. ఓడైనా శంఖమైనా కళ్లతో చూసి రావాలి, చేతులతో తేకూడదు.

ఈ పద్ధతి మా నేలకు కొత్తది కాదు. చీరాలకు దక్షిణాన ఉన్న మోటుపల్లి ఒకప్పుడు పెద్ద రేవు. కాకతీయ గణపతిదేవుడికి ముందటి రాజులు తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా జప్తు చేసుకునేవారు. గణపతిదేవుడు 1244లో అక్కడ అభయ శాసనం వేయించాడు. న్యాయమైన సుంకం తప్ప మిగిలినదంతా ఓడవాళ్లకే వదిలేస్తామని దేశదేశాల వర్తకులకు మాటిచ్చాడు. సముద్రం ఒడ్డుకు తోసిందల్లా మనది కాదన్నమాట. ఆ శాసన స్తంభం మోటుపల్లి వీరభద్రస్వామి గుడిలో ఉంది. వాడరేవు వచ్చినప్పుడు చూసిపోండి.

ఇక దిగాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. గురువు వెంట ఉండి, పన్నెండు మీటర్ల లోపు ఒకసారి రుచి చూసిరావడానికి ఈత రాకపోయినా ఫరవాలేదు. సర్టిఫికెట్ కోర్సుకైతే రెండు వందల మీటర్లు ఈది, పది నిమిషాలు తేలుతూ ఉండగలగాలి. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లు, చెవి ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరు కాగితం లేకుండా దిగొద్దు. జలుబు ఉంటే అసలే వద్దు. నీళ్ల కింద ఊపిరి బిగబట్టకూడదు. పది మీటర్లలో నిండుగా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెట్టింపు అవుతుంది, ఊపిరితిత్తులు అంత సాగవు. రెండు మూడు రోజులు వరసగా దిగినవాళ్లు కనీసం పద్దెనిమిది గంటలు విమానమెక్కకూడదు. ఇంకొకటి చాలామందికి తోచదు. పొద్దున రుషికొండలో డైవు, మధ్యాహ్నం అరకు అని ప్రయాణం పెట్టుకోకండి. అరకు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది. విమానానికి చెప్పిన జాగ్రత్తే ఘాట్ రోడ్డుకూ వర్తిస్తుంది. అరకు ముందు చూసి, సముద్రం చివర పెట్టుకోండి. మా వైపు వాళ్లకు ఆ బాధ లేదు, విశాఖలో రైలెక్కితే చీరాల్లో దిగుతాం, దారంతా మైదానమే.

ఒంగోలు నుంచి రాసిన అమ్మా, మీకు అరవై దాటాయన్నారు, వయసుకు పైహద్దు లేదు. డాక్టరు సరేనంటే ముందు ఈతకొలనులో దిగి చూడండి. తర్వాత సముద్రంలో రెండు మీటర్లు చాలు. మొదటిరోజే పది పోవాలని ఎవరు తొందరపెట్టినా వినకండి. మనసు ఒప్పకపోతే బొటనవేలు పైకి చూపించండి. వెంట దిగినవాళ్లు మీతోపాటు పైకి వస్తే వాళ్లతో ఇంకోసారి వెళ్లండి. రాకపోతే మనుషులను మార్చుకోండి, సముద్రాన్ని మాత్రం మానుకోకండి.


మీ ఉత్తరాల మిత్రుడు.