అరువు నెట్

2024 అక్టోబరులో ఒక మధ్యాహ్నం క్రోసూరు వైపు రైతు ఒకాయన సత్తెనపల్లిలో మా స్టూడియో మెట్లెక్కి వచ్చాడు. ఫిబ్రవరిలో వాళ్ల పెద్దమ్మాయి పెళ్లికి ఫొటోలూ వీడియో నేనే తీశాను. మా వైపు ఆల్బం బాకీలు మిర్చి డబ్బుతో ముడిపడి ఉంటాయి. ధర కుదరక ఆయన సరుకు ఏసీలో పెట్టాడు. ఏసీ అంటే మాకు కోల్డ్ స్టోరేజీ, గోడకు బిగించేది కాదు. ఎనిమిది నెలలు ఆగి, మిర్చి టిక్కీలు (బస్తాలు) అమ్మి, నోట్లు బల్లమీద పెట్టి, “ఇంక ఆల్బం కొట్టించు బాబూ” అన్నాడు.

నా దగ్గర ఆ పెళ్లి లేదు.

ఆ మాట అప్పటికి రెండు రోజులుగా నాకు తెలుసు. ఆయనకు మాత్రం “సర్వర్ ప్రాబ్లం బాబాయ్, వారం ఆగు” అని చెప్పాను. మా స్టూడియోలో సర్వరే లేదు. ఉన్నది ఫైళ్లు దాచుకోవడానికి 4 టీబీ డిస్కులు రెండు పెట్టిన నాస్ పెట్టె ఒకటి. ఒక డిస్కులో ఏం రాస్తే రెండో దాంట్లోనూ అదే పడుతుంది. డిస్కు పాడైతే ఆదుకుంటుంది గానీ, నేను చెరిపేస్తే రెండింట్లోనూ ఒకేసారి చెరిపేస్తుంది. నేను చెరిపేశాను. తాగి కాదు, పొరపాటున కాదు. సెప్టెంబరులో పెట్టె నిండితే, పాత పెళ్లిళ్లన్నీ క్లౌడ్‌లో ఉన్నాయి కదా అని స్థిమితంగా కూర్చుని, ఒక్కో ఫోల్డరూ ఎంచి మరీ తీసేశాను.

క్లౌడ్‌లో ఎందుకు లేవో చెప్పాలంటే ముందు మా మేడ సంగతి చెప్పాలి. నెట్ కింద ఇంట్లోకి వస్తుంది. పైన స్టూడియోలో కంప్యూటర్‌కు వైఫై అందుతుంది. నాస్ పెట్టెకు వైఫై లేదు, కేబుల్ పెట్టే రంధ్రమే ఉంది. ఒక పెళ్లికి 250 జీబీ అవుతుంది. వైఫై మీద తోస్తే తెల్లవారుతుంది. అందుకని పెట్టెను లాన్ కేబుల్‌తో నేరుగా కంప్యూటర్‌కే తగిలించాను. సెకనుకు 100 ఎంబీ పైన పోతుంటే ప్రాణం లేచొచ్చింది. పని అయితే జరుగుతోంది, కానీ పెట్టెకు నెట్ లేదు. నెట్ లేకపోతే అది క్లౌడ్‌కు ఎక్కించలేదు. కంప్యూటర్‌కు వచ్చే నెట్‌నే దానికీ అరువివ్వాలి.

ఇది నాకు కొత్త విద్య కాదు, అదే చెడింది. 2003 ప్రాంతంలో ఇంటర్ తప్పి ఊళ్లో ఒక నెట్ సెంటర్లో కూర్చునేవాణ్ణి. ఒకే ఫోను లైను, ఆరు సిస్టంలు. ఓనర్ సిస్టం నెట్ ఎక్కేది, మిగతా అయిదూ దాని వీపు మీద వెళ్లేవి. విండోస్ 98 రెండో ఎడిషన్‌తో 1999లో వచ్చిన ఇంటర్నెట్ షేరింగ్ ఏర్పాటు అది. వెనకున్న యంత్రం ఏదడిగినా ముందున్నది తన పేరు మీద బయట అడుగుతుంది, వచ్చిన జవాబును వెనక్కి అందిస్తుంది. పొద్దున ముందుగా ఓనర్ సిస్టం ఆన్ చేయాలి, రాత్రి చివరగా దాన్నే ఆపాలి. దాన్ని ఆపితే అయిదుగురూ ఒకేసారి “అన్నా, నెట్ పోయింది” అని అరిచేవారు. ఆ అరుపు విలువ ఇరవై ఏళ్ల తర్వాత తెలిసింది. నాస్ పెట్టె అరవదు.

పెట్టెకు నెట్ అరువివ్వడానికి మొదట కంప్యూటర్లో వైఫైనీ లాన్‌నీ ఎంచుకుని, రెండింటినీ ఒకటిగా కలిపే బ్రిడ్జ్ కొట్టాను. ఉన్న నెట్ కూడా పోయింది. కింద ఉన్న వైఫై బాక్సు తన దగ్గర నమోదైన కార్డు పేరుతో వచ్చిందే తీసుకుంటుంది. దాని వెనక ఇంకో యంత్రం నక్కి వస్తానంటే చాలాసార్లు ఒప్పుకోదు. తర్వాత షేరింగ్ టిక్కు లాన్ కార్డుకు పెట్టాను. అదీ తిరగబడ్డ పనే, నెట్ వస్తున్న వైఫైకి పెట్టాలి. సరిగ్గా పెట్టాక లాన్ కార్డుకు 192.168.137.1 అన్న అడ్రసు వచ్చింది, పెట్టెకూ అదే వరసలో ఒకటి దొరికింది. క్లౌడ్ బ్యాకప్ మొదలైంది. ఆ సాయంత్రమంతా పచ్చ గీత ముందుకు కదులుతుంటే చూస్తూ టీ తాగాను. రాత్రి కంప్యూటర్ ఆపేసి కిందికి దిగాను.

మర్నాడు ఆన్ చేస్తే పెట్టె కనిపించలేదు. చూస్తే దాని అడ్రసు 169.254తో మొదలవుతోంది. అడ్రసు ఇచ్చేవాడెవరూ లేకపోతే యంత్రం తనకు తానే పెట్టుకునే పేరది. షేరింగ్ ఆగిపోయిందని అది నాకు చెప్పకనే చెబుతోంది. నేను వినలేదు. అడ్రసు మారిపోతే డ్రైవు మాయమవుతోంది, అంతే కదా అనుకుని, పెట్టెకు 192.168.137.50 అని చేత్తో రాసేసి శాశ్వతం చేశాను. డ్రైవు వచ్చింది. ఫైళ్లు పోతున్నాయి, వస్తున్నాయి. ఎంతో ఒడుపుగా చేశాననుకున్నాను. నిజానికి జ్వరం కొలిచే థర్మామీటర్‌ను చన్నీళ్లలో ముంచాను. ఆ తర్వాత పెట్టెకు నెట్ ఉన్నా లేకపోయినా నాకు ఒకేలా కనిపించేది.

విండోస్ 10లో 2017లో వచ్చిన 1709 వెర్షన్ నుంచి ఈ షేరింగ్ గుణం మారింది. ఆ దారిలో 4 నిమిషాలు రాకపోకలు లేకపోతే సర్వీసు తనంతట తాను ఆగిపోతుంది, మళ్లీ తనంతట తాను లేవదు. టిక్కు మాత్రం పెట్టినట్టే కనిపిస్తుంది. సర్వీసును ఆటోమేటిక్ చేసి, రిజిస్ట్రీలో ఒక విలువ 1 చేస్తే రీస్టార్ట్ తర్వాత కూడా నిలుస్తుందని మైక్రోసాఫ్ట్ రాసే పెట్టింది. చదవనిది నేను. చదివినా సగమే లాభం, ఎందుకంటే రాత్రి బ్యాకప్ రెండింటికి పెట్టాను, కంప్యూటర్ పదింటికి ఆపేస్తున్నాను.

బ్యాకప్ తప్పితే మెయిల్ పంపమని కూడా పెట్టెకు చెప్పి ఉంచాను. నెట్ లేదని చెప్పే మెయిల్ వెళ్లడానికి నెట్ కావాలి! మెయిల్ రాకపోవడాన్ని నేను క్షేమ సమాచారంగా తీసుకున్నాను. జూన్‌లో ఒకసారి పెట్టె గడియారం కొన్ని నిమిషాలు వెనకబడి కనిపించింది. నెట్ మీద సమయం సరిచూసుకునే యంత్రానికి గడియారం ఎందుకు తప్పుతుందని ఒక్క క్షణం ఆగితే చాలేది. చేత్తో సరిచేసి ఎడిటింగ్‌లో పడ్డాను.

సంగతి బయటపెట్టింది మా మేనల్లుడు. దసరా సెలవులకు వచ్చినవాడితో గొప్పగా, “అంతా క్లౌడ్‌లో ఉంది రా అల్లుడూ, చూడు” అన్నాను. వాడు చూశాడు. “మావయ్యా, నెట్ ఉందో లేదో కంప్యూటర్లోంచి చూశావా, పెట్టెలోంచి చూశావా?” అన్నాడు. కంప్యూటర్లోంచే. ఎప్పుడూ కంప్యూటర్లోంచే. వాడు పెట్టెలోని లాగ్ తెరిచాడు. చివరిసారి బ్యాకప్ నడిచింది ఫిబ్రవరిలో, మొదలుపెట్టిన ఆ సాయంత్రమే. తర్వాత వరసన ఎర్ర గీతలు. ఆ రైతు ఇంటి పెళ్లిలో పెళ్లికూతుర్ని చేసిన రోజు ఫొటోలు మాత్రం పైకి ఎక్కాయి. జీలకర్రా బెల్లం లేదు, తలంబ్రాలు లేవు, అప్పగింతలు లేవు. మెమరీ కార్డుల మీద అప్పటికి ఎన్ని పెళ్లిళ్లు పడ్డాయో లెక్కలేదు. డిస్కులు రికవరీకి పంపితే ఆ పెళ్లి జాడే రాలేదు.

వారం తర్వాత రైతు మళ్లీ వచ్చాడు. ఈసారి నిజం చెప్పాను. ఆయన తిట్టలేదు. అర్థంకాక అడిగాడు: “దాచిపెట్టినప్పుడు ఆళ్లు నీకు చీటీ ఇయ్యలేదా?” తర్వాత, “మధ్యలో ఎప్పుడన్నా ఇప్పి చూసుకున్నావా?” ఏసీలో సరుకు పెట్టాక ఆయన రెండు మూడు సార్లు వెళ్లాడట. టిక్కీలో చెయ్యి పెట్టి నాలుగు కాయలు తీసి, రంగు తిరిగిందా, తాలు పడిందా చూసుకుని వచ్చాడట. నేను ఎనిమిది నెలల్లో క్లౌడ్ నుంచి ఒక్క ఫొటో కూడా కిందికి దించి చూడలేదు.

డబ్బు తీసుకోలేదు, అడ్వాన్సు తిరిగిచ్చాను. పెళ్లికొచ్చిన చుట్టాల ఫోన్లన్నీ అడిగి, వాట్సాప్‌లో నలిగిపోయిన ఫొటోలు ఏరి ఒక ఆల్బం వేసిచ్చాను. తలంబ్రాల ఫొటోలో సగం ఎవరిదో భుజం ఉంది.

ఇప్పుడు కింద నుంచి పైకి 30 మీటర్ల కేబుల్ లాగించి, అయిదు పోర్టుల గిగాబిట్ స్విచ్ పెట్టాను. కంప్యూటరూ పెట్టే చెరొక కేబుల్‌తో దానికే. ఫైళ్ల వేగం తగ్గలేదు, నేను కంప్యూటర్ ఆపినా పెట్టె నెట్ ఆగదు. మొత్తం రెండు వేలు కాలేదు. సోమవారం సోమవారం ఫోన్‌లో వైఫై ఆపేసి, ఏదో ఒక పెళ్లి లోంచి ఒక ఫొటో దించి చూస్తాను.

మొన్న ఆ రైతు చిన్నమ్మాయి పెళ్లికీ నన్నే పిలిచాడు. అప్పగింతలయ్యాక కార్డులు బ్యాగులో సర్దుకుంటుంటే పక్కకొచ్చి, జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి, “ఇక్కడే ఎక్కించివ్వు బాబూ” అన్నాడు. 16 జీబీది. సరిపోదని చెప్పలేదు. ల్యాప్‌టాప్ తెరిచి, ముందు తలంబ్రాలు ఎక్కించాను.