జెనోవా రేవులో రెండు రొట్టెలు

కొలంబస్ పుట్టిన ఊరుగా చిన్నప్పుడు చదువుకున్న జెనోవా ఇటలీలో ఉంది. స్విట్జర్లాండులోని జెనీవా కాదు సుమా! దానిది లిగూరియా ప్రాంతం. ముందు సముద్రం, వెనకనే కొండలు. చదును నేల తక్కువ కాబట్టి కొండవాలున మెట్లు కట్టి ఆలివ్ చెట్లు పెంచుతారు. అక్కడి వంటలో ఆ నూనె లేని పూట ఉండదు.

పాత రేవుకెదురుగా సొట్టొరీపా అనే కమానుల వీధి ఉంది. ఆ చుట్టుపక్కల సందుల్లో పొద్దున్నే నడిచారంటే వేడి రొట్టె వాసన మిమ్మల్ని ఆపేస్తుంది. అది ఫొకాచ్చా. ముక్కలు కోసి తూకం వేసి ఇస్తారు. కొందరు దాన్ని పాలకాఫీలో ముంచుకుని తింటారు. ఈస్టు వేసి పులియబెట్టిన గోధుమపిండి ముద్దను రేకు పళ్ళెంలో పరిచి, వేళ్ళతో గుంటలు నొక్కి, వాటిలో ఉప్పునీరూ ఆలివ్ నూనే పోసి కాలుస్తారు. పైన కరకర, లోపల మెత్తన.

ఈ రొట్టె ఇప్పుడు మన ఇళ్ళలోని ఓవెన్లలోకీ వచ్చింది. “ఆలివ్ నూనెతో చేసిందే కదండీ, గుండెకు మంచిదేగా?” అని మీకూ అనిపించవచ్చు. నూనె మంచిదే. చూడవలసింది ఉప్పును. అరకిలో మైదాకు ముద్దలో 10 గ్రాములు, పైన పోసే నీటిలో మరో 5 గ్రాములు ఉప్పు వేశారనుకోండి. ఆరుగురు పంచుకుంటే తలా రెండున్నర గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజు మొత్తానికి 5 గ్రాములు మించవద్దంటోంది. ఒక్క రొట్టెముక్కతోనే సగం అయిపోయింది! ఇంకా పప్పు, కూర, ఆవకాయ మిగిలే ఉన్నాయి. పైగా మైదాలో పీచు తక్కువ. చక్కెర వ్యాధి ఉన్నవారికి అది మరో చిక్కు.

అయితే ఆ వీధిలోనే ఇంకొంచెం ముందుకు నడవండి. కట్టెల పొయ్యిలో పెద్ద రాగి పళ్ళెం కనబడుతుంది. అందులో బంగారు రంగు పలుచని రొట్టె. పేరు ఫరినాటా. దీనిలో ఉన్నవి శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. ఈస్టు లేదు, మైదా లేదు. 1284లో పీసా నగరంపై గెలిచి వస్తున్న జెనోవా ఓడల్లో తుఫానుకు శనగపిండీ నూనే ఒలికి, సముద్రపు నీటిలో కలిసి ఈ వంటకం పుట్టిందని ఒక కథ చెబుతారు. యుద్ధం జరిగింది నిజం, మిగతాది కథే.

శనగపిండి మనకు కొత్తది కాదు. కాకపోతే మనం దాన్ని ఎక్కువగా బజ్జీలకూ పకోడీలకూ వాడి నూనెలో ముంచుతాం. నూరు గ్రాముల శనగపిండిలో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులుంటాయి. మైదాలో అందులో సగం. శనగలోని పిండిపదార్థం నెమ్మదిగా జీర్ణమవుతుంది కనుక రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు.

నలుగురికి ఇలా చేయండి. 150 గ్రాముల శనగపిండిలో 450 మిల్లీలీటర్ల నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు లేకుండా కలపండి. నాలుగు గంటలు నాననివ్వండి. మన ఎండలకు పులిసిపోతుంది కాబట్టి ఫ్రిజ్‌లో ఉంచడం మంచిది. పైకి తేలిన నురగ తీసేసి, అర చెంచా ఉప్పు, మూడు పెద్ద చెంచాల నూనె కలపండి. నూనె రాసిన వెడల్పాటి పళ్ళెంలో అర సెంటీమీటరు మందాన పోసి, 250 డిగ్రీల వేడిలో అంచులు ఎర్రబడేదాకా, సుమారు 20 నిమిషాలు కాల్చండి. పైన మిరియాలపొడి చల్లి వేడిగా తినండి. ఆలివ్ నూనె ఖరీదనిపిస్తే వేరుశనగ నూనె వాడవచ్చు. రుచి మారుతుంది, రొట్టె చెడదు. శనగపప్పు కొని మర పట్టించుకుంటే కల్తీ భయమూ తగ్గుతుంది.

ఫొకాచ్చా మీద మనసు పోతే అదీ చేసుకోండి. ముద్దలో ఉప్పు సగానికి తగ్గించి, ఉప్పునీటి బదులు మంచినీళ్ళు పోయండి. ఆ పూట పచ్చడి మానండి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు శనగపిండి ఎంత తినవచ్చో మీ డాక్టరును అడగండి. చివరగా ఒక్క మాట. రొట్టె మార్చామని బి.పి. మాత్రలు, చక్కెర మాత్రలు సొంతంగా మానకండి. రొట్టె ఆహారమే, మందు కాదు.