పిల్లాడి గదిలో ఒక రాత్రి



మీ పిల్లలు పడుకునే గదిలో ఈమధ్య మీరు ఒక రాత్రంతా పడుకున్నారా? నేనైతే మూడేళ్లుగా పడుకోలేదు. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసొచ్చింది.

మాది విజయవాడ. అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు. మా వాడు ఎనిమిదో తరగతి. ఆగస్టులో పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్తే క్లాస్ టీచర్ నెమ్మదిగా అడిగారు: "రాత్రిపూట నిద్ర సరిపోతోందా మేడమ్? మొదటి పీరియడ్‌లోనే తల వాల్చేస్తున్నాడు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికి రాగానే వాడి మీద విరుచుకుపడ్డాను. ఫోనే కారణమని తేల్చేసి, తొమ్మిదింటికల్లా ఫోను, ట్యాబు రెండూ మా బీరువాలో పెట్టి తాళం వేశాను. వాడు ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. నెల గడిచినా మార్పు లేదు. పొద్దున్నే అదే చిరాకు, టిఫిన్ దగ్గర అదే ఆవలింత.

సెప్టెంబర్‌లో మా అత్తయ్యగారు ఊరి నుంచి వచ్చారు. మా ఏసీ గది ఆవిడకిచ్చి, నేను మా వాడి గదిలో పడుకున్నాను. మంచం నాకిచ్చి వాడు కింద పరుపు వేసుకున్నాడు.

వానాకాలం ఉక్కపోత మీకు తెలిసిందే. పగలంతా కాగిన స్లాబ్ రాత్రి పదకొండైనా వేడి కక్కుతూనే ఉంది. దోమలొస్తాయని కిటికీ మూసేశాం. దానికి సగం అడ్డంగా పుస్తకాల అలమర నేనే పెట్టించాను. ఫ్యాన్ ఐదు మీద పెడితే టకటక టకటక, తల మీద ఎవరో కొడుతున్నట్టే ఉంది. రెండుకి తగ్గిస్తే చప్పుడు పోయి సన్నగా గుయ్‌మనే మోత మొదలైంది, దిండు తడిసిపోయింది. పన్నెండున్నర దాకా లేచి ఐదు, రెండు, మళ్లీ ఐదు.

"రోజూ ఇంతేనా నాన్నా?" అన్నాను చీకట్లో.

"ఫ్యాన్ ఎప్పుడూ అంతే కదమ్మా," అన్నాడు. వాడూ నిద్రపోలేదు!

ఆ మాటకి నాకు ఇక నిద్ర పట్టలేదు. ఫీజులకి, ట్యూషన్‌కి, ఒలింపియాడ్ పుస్తకాలకి లెక్క చూసుకోకుండా ఖర్చు పెడుతున్నాం. వాడి నెత్తిమీద తిరిగే ఫ్యాన్ వైపు మాత్రం ఒక్కసారీ తలెత్తి చూడలేదు. పైగా నెల రోజులు తిట్టాను.

మర్నాడే ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. రెక్కల మీద దుమ్ము అట్టకట్టి బరువు సమానంగా లేక ఫ్యాన్ ఊగుతోందని, పై కప్పు వదులై రాడ్డుకి కొట్టుకుంటోందని, బేరింగ్ కూడా అరిగిపోయిందని చూపించాడు. "బేరింగ్ పోకపోతే తుడిచి, స్క్రూలు బిగిస్తే సరిపోయేదమ్మా. గాలి తగ్గిందంటే చాలాసార్లు కండెన్సర్ మారిస్తే చాలు. దీనికి మాత్రం వయసైపోయింది," అన్నాడు. రెండు మీద వచ్చే గుయ్‌మనే మోత రెగ్యులేటర్ వల్లనట.

మూడు వేల పైచిలుకు పెట్టి బీఎల్‌డీసీ ఫ్యాన్ తెచ్చాం. రిమోట్‌తో నడుస్తుంది, రెగ్యులేటర్ అక్కర్లేదు. పాత ఫ్యాన్ 75 వాట్లు తీసుకునేది, ఇది 30 దగ్గర. రోజుకు పది గంటలు తిరిగినా నెలకు 13 యూనిట్ల దాకా మిగులుతుంది.

అయితే ఒక్క ఫ్యాన్‌తోనే పని కాలేదు. నిద్ర పట్టాలంటే ఒంట్లో వేడి కొద్దిగా తగ్గాలి. ఫ్యాన్ గదిని చల్లబరచదు. గాలి తగిలి చెమట ఆరితేనే మనకు చల్లగా ఉంటుంది. తలుపులన్నీ మూసేస్తే ఉన్న గాలినే తిప్పుతుంది. అందుకే అలమర జరిపించి, కిటికీకి దోమల మెష్ కొట్టించాం. పొద్దు వాలాక కిటికీ, ఎదురుగా తలుపు రెండూ తెరిచి ఉంచుతున్నాం.

ఇంకో లెక్క కూడా వేసుకున్నాను. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర నిపుణులు చెబుతారు. పదింటికి పడుకుని ఐదూ ముప్పావుకి లేచే మా వాడికి, కునుకు చెడకుండా పట్టినా ఎనిమిది గంటలు రావు. ఇప్పుడు తొమ్మిదిన్నరకే లైటు ఆర్పేస్తున్నాం.

మార్కులు పెరిగాయని చెప్పను, ఇంకా పరీక్షలు రాలేదు. పొద్దున రెండో పిలుపుకి లేస్తున్నాడు. టిఫిన్ దగ్గర కబుర్లు చెబుతున్నాడు. ఫోన్ తాళం విషయంలో మాత్రం వాడికి సారీ చెప్పాను. "పర్లేదమ్మా" అన్నాడు, కానీ ఆ రాత్రే ఫోన్ అడిగాడు! తొమ్మిది దాకానే అన్నాను.

పిల్లలు చాలా ఇబ్బందులు మనకు చెప్పరు. దాచిపెట్టి కాదు, లోకమంతా అలాగే ఉంటుందనుకుని. మీ వాడు గానీ, మీ అమ్మాయి గానీ పొద్దున్నే చిరాకు పడుతుంటే, కోప్పడే ముందు ఒక్క రాత్రి ఆ మంచం మీద పడుకోండి. తలుపు వేసుకుని, ఫ్యాన్ వాళ్లు పెట్టుకున్న స్పీడు మీదే ఉంచి చూడండి.