ఎక్కడ పడ్డాడో రాయించండి

నేను బొంబాయి కామాఠీపురాలో తాపీ మేస్త్రీని. ఎప్పుడో నిజాం ఇలాకా నుంచి వచ్చి ఈ నగరానికి రాళ్లు మోసిన కామాఠీల పేరే ఈ వాడకు నిలిచింది. ఇప్పటికీ పొద్దున్నే కూలీల నాకా మీద పాలమూరు మాట వినిపిస్తుంది.

పాత చాల్ గోడకు ప్లాస్టరింగ్ అంటే వెదురు పరంజా కట్టాలి. బెల్టులు ఇస్తారు, నిజమే. చాలామంది ఆ కొక్కేన్ని తాము నిలబడ్డ వెదురుకే తగిలిస్తారు. పరంజా ఒరిగితే బెల్టుతో సహా మనిషీ పోతాడు. పైఅంతస్తు స్తంభానికి విడిగా తాడు కట్టి, కొక్కెం దానికి వేయాలి. అందుకు అరగంట పడుతుంది. కాంట్రాక్టర్లతో నా గొడవంతా ఆ అరగంట గురించే.

మనిషి పడ్డాక అసలు మోసం ఆసుపత్రిలో మొదలవుతుంది. "ఎట్లా తగిలింది?" అని అడిగితే, వెంట వచ్చిన కాంట్రాక్టర్ మనిషి "ఇంట్లో మెట్ల మీద జారాడు" అని రాయిస్తాడు. పనిలో పడ్డాడని ఆ కాగితంలో లేకపోతే తర్వాత నిరూపించడానికి తల ప్రాణం తోకకొస్తుంది.

మా గల్లీలో ముప్పై ఏళ్ల కుర్రాడు పరంజా మీంచి పడి చనిపోయాడు. "యాభై వేలు ఇస్తరట అన్నా, వేలిముద్ర వెయ్యమంటున్నరు" అంది అతని భార్య.

"వెయ్యకు చెల్లె" అన్నాను. పరిహారం వదులుకుంటామని రాసిచ్చిన కాగితం 1923 నాటి పరిహార చట్టం ముందు చెల్లేది కాదు. చావు పరిహారాన్ని యజమాని కమిషనర్ దగ్గరే జమ చేయాలి. 2020 జనవరి నుంచి నెలకు 15,000 జీతం దాకా లెక్కలోకి తీసుకునేవారు. అందులో సగాన్ని ముప్పై ఏళ్ల వయసుకు చట్టం పెట్టిన 207.98తో హెచ్చిస్తే 15,59,850 రూపాయలు. ఎక్కడ యాభై వేలు, ఎక్కడ పదిహేను లక్షలు! ఆలస్యం చేస్తే ఏటా 12 శాతం వడ్డీ అదనం.

"తాగి ఎక్కాడు" అన్నాడు కాంట్రాక్టర్. ప్రతివాడూ అనే మాటే అది. మనిషి చనిపోయినా, పూర్తిగా పనికి దూరమైనా ఆ సాకు నిలవదు. కాంట్రాక్టర్ మాయమైతే, ఆ పని చేయించుకున్న అసలు యజమాని వ్యాపారంలో భాగమైనప్పుడు ఆయన్నీ పట్టుకోవచ్చు. శవంతో ఊరికి వెళ్లిపోయిన ఇల్లాలు బొంబాయి చుట్టూ తిరగక్కర్లేదు, తానుండే జిల్లాలోనే రెండేళ్లలోపు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. పరిహారం హక్కు పోలేదు. కానీ "వీడు మా పనివాడే కాదు" అన్నప్పుడు చూపించడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి కదా. అందుకే నా దగ్గర పనిచేసేవాళ్లందరికీ వారం వారం సంతకం పెట్టి హాజరీ చిట్టీ ఇస్తాను. కూలి ఫోన్‌లోనే వేస్తాను. పని జాగాలో దిగిన ఫొటో ఒకటి ఇంటికి పంపమంటాను. ఏడాదిలో తొంభై రోజుల పని చూపిస్తే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోవచ్చు. అక్కడా ఆ చిట్టీలే పనికొస్తాయి.