మా చక్రాల ఇంట్లో ముసలి ఫ్రిజ్

ఫ్రిజ్ చల్లబడటం లేదంటే మనం మొదట ఏం చేస్తాం? ప్లగ్గు చూస్తాం, తలుపు రెండుసార్లు తీసి వేస్తాం, ఆపైన మెకానిక్కి కబురు పెడతాం. మరి ఆ ఫ్రిజ్ గ్యాస్ మంట మీద నడిచేదైతే? అదీ ఊళ్ళు తిరిగే ఇంట్లో ఉంటే? నవ్వకండి. మాకు అలాంటిదే ఒకటి ఉండేది. దాని మూలంగా మావారి ఇన్సులిన్ పారబోసుకోవలసి వచ్చింది గనకే ఇదంతా మీకు చెబుతున్నాను.

మేముండేది అమెరికాలో, ఆరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో. మావారు రిటైరయ్యాక పాత మోటార్‌హోమ్ ఒకటి కొన్నారు. అంటే వంటిల్లు, మంచం, బాత్‌రూము అన్నీ లోపలే ఉన్న బస్సన్నమాట. 1998 మోడలు. ఫ్రిజ్ కూడా ఆనాటిదే. కరెంటు దొరికినచోట కరెంటుతో, లేనిచోట ప్రొపేన్ గ్యాస్‌తో నడుస్తుంది. మన వంటగ్యాసులో ప్రొపేన్, బ్యూటేన్ కలిసి ఉంటాయి కదా, ఇక్కడ ప్రొపేన్ ఒక్కటే.

మంట పెడితే చల్లదనం ఎలా వస్తుందని నేనూ నోరు తెరిచాను. ఇంజెక్షన్ ముందు చేతికి స్పిరిట్ రాస్తే చల్లగా తగులుతుంది చూడండి, స్పిరిట్ ఆవిరైపోతూ ఒంటి వేడిని లాక్కుపోతుంది. ఇక్కడ ఆ పని చేసేది అమ్మోనియా. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో వాడేదీ అమ్మోనియానే. ఫ్రిజ్ వెనక గొట్టాల్లో నీళ్ళు, అమ్మోనియా, హైడ్రోజన్ నింపి శాశ్వతంగా మూసేస్తారు. అడుగున చిన్న మంట. ఆ వేడికి అమ్మోనియా ఆవిరై పైకి పోతుంది, అక్కడ చల్లారి ద్రవమై ఫ్రీజర్ వెనక్కి జారుతుంది, హైడ్రోజన్ కలవగానే మళ్ళీ ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. ఆపైన నీళ్ళలో కరిగి మంట దగ్గరికే తిరిగొస్తుంది. మోటారు లేదు, చప్పుడు లేదు. 1922లో స్వీడన్‌లో బాల్ట్‌జర్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు కనిపెట్టారట. కరెంటు లేని పల్లెల్లో టీకా మందులు దాచడానికి కిరోసిన్ ఫ్రిజ్‌లు వాడేవారు, అవీ ఈ జాతివే.

ఇంత చక్కటి వస్తువుకి ఒకటే పట్టింపు. బల్లపరుపుగా నిలబెట్టాలి. లోపలి ద్రవం వాలుని బట్టే జారుతుంది గనక బండి ఓ పక్కకి ఒరిగితే ఎక్కడో నిలిచిపోతుంది. మంట మాత్రం మండుతూనే ఉంటుంది. పాలగిన్నె పొయ్యి మీద పెట్టి మరిచిపోతే ఏమవుతుందో మనకి తెలియనిదా! లోపల తుప్పు పట్టకుండా కలిపిన రసాయనం మాడి గడ్డకట్టి సన్నగొట్టానికి అడ్డం పడుతుంది. బండి నడిచేటప్పుడు ద్రవం అటూ ఇటూ కదులుతుంది కాబట్టి అంత భయం లేదు. ఆగినప్పుడే జాగ్రత్త.

మావారికి ఈ సంగతి తెలియక కాదు, బద్ధకం. చక్రాల కింద చెక్కలు పెట్టాలంటే వంగాలిగా! 2023 ఆగస్టులో పేజ్ అనే ఊరు వెళ్ళాం, పావెల్ సరస్సు ఒడ్డున. రాత్రి చీకటి పడ్డాక చేరాం. మంచం మీద నేను ఆయన వైపు దొర్లిపోతుంటే, "ఏమండీ, బండి వంకరగా ఉంది" అన్నాను. "ఒక్క రాత్రికి ఏమవుతుందే, పడుకో" అన్నారు. మర్నాడంతా పడవ షికారు. సాయంత్రం వచ్చి తలుపు తీస్తే పాలు విరిగిపోయాయి, పెరుగు పులిసి పొంగింది, కొత్తిమీర నల్లబడింది. లోపల థర్మామీటరు 90 ఫారిన్‌హీట్ చూపిస్తోంది, అంటే మన లెక్కన 32 డిగ్రీలు. తలుపు అరలో ఆరు ఇన్సులిన్ పెన్నులు!

తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఆయన వాడేది 30 దాటితే ఇక నమ్మకూడదని చీటీలోనే రాసి ఉంది. ఆయనేమో "చూడ్డానికి బాగానే ఉందిగా" అంటారు. బాగుందో లేదో కంటికి తెలిసేదైతే డాక్టర్లెందుకు? ఆరింటినీ పక్కన పెట్టించి, డాక్టరుకి ఫోను చేసి, ఊళ్ళో మందులషాపులో కొత్తవి తీసుకున్నాం. ఐస్‌డబ్బాలో పెట్టాం. ఐసుకి నేరుగా తగలకుండా తువాలు చుట్టాను. ఇన్సులిన్ గడ్డకట్టినా పనికిరాదు మరి.

ఇంటికొచ్చాక పరీక్షలు మొదలుపెట్టాం. ముందు రసమట్టం తెచ్చి ఫ్రీజర్‌లో పెట్టి బండిని సరిచేశాం. అవునండీ, తాపీమేస్త్రీలు వాడే రసమట్టమే. తర్వాత బండికి బయటవైపున్న చిన్న తలుపు తీసి మంట చూశాను. నీలంగా, నిటారుగా ఉండాలి. మాది పసుపురంగులో ఊగుతోంది. గ్యాసు కట్టేసి, చల్లారాక చూస్తే బర్నరు నిండా తుప్పుపొట్టు, సాలెగూడు. బ్రష్షుతో దులిపి, పొగగొట్టం శుభ్రం చేశాం. గ్యాసొచ్చే సూదిబెజ్జాన్ని మాత్రం స్టౌని పొడిచినట్టు పిన్నీసుతో పొడవకూడదు. బెజ్జం పెద్దదైతే మంట అదుపు తప్పుతుంది. స్పిరిట్‌లో నానబెట్టి ఆరబెట్టాలి, అంతే. తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి లాగితే బిగువుగానే వచ్చింది. మంట నీలంగా మారింది. ఒక పగలు, ఒక రాత్రి ఆగాం, ఈ ఫ్రిజ్‌లు చల్లబడటానికి అంత టైము పడుతుంది లెండి. ఊహూఁ, చల్లబడలేదు.

అసలు పరీక్ష అప్పుడు చేశాం. గ్యాసు కట్టేసి కరెంటు మీద పెట్టాం. కరెంటు మీద చల్లబడితే తప్పు బర్నరుది, బాగుచేసుకోవచ్చు. వేడి రెండు విధాలా తగులుతున్నా చల్లదనం లేదంటే వెనక గొట్టాల పని అయిపోయినట్టే. ఒక్కోసారి ఘాటైన అమ్మోనియా వాసన, గొట్టాల మీద పసుపు మరక కనిపిస్తాయి. అప్పుడు వెంటనే ఆపేసి తలుపులన్నీ తెరిచి బయటికి రావాలి. మాకు వాసనా లేదు, మరకా లేదు. చల్లదనమూ లేదు.

మావారు ఒప్పుకుంటేనా! "తిరిగే భాగమే లేనిదానికి అరుగుదలేమిటే?" అంటారు. ఊడదీసి తలకిందులుగా పెడితే అడ్డుపడ్డది కదులుతుందని ఎవరో చెప్పారట. పక్కింటాయన్ని సాయం పిలిచి ఇద్దరూ ఆ బరువు మోసి, ఒక రాత్రంతా గ్యారేజీలో శీర్షాసనం వేయించారు. ఆశ్చర్యం, మళ్ళీ పనిచేసింది! ఆయన ఆనందం చూసి నేను నోరెత్తలేదు. థర్మామీటరు లోపల పెట్టి, పాలలెక్క రాసే పుస్తకంలో వెనక పేజీ తీసి మూడుపూటలా రాశాను. మొదటిరోజు 42. మూడోరోజు 47. వారం తిరిగేసరికి మధ్యాహ్నాలు 55. ఎనిమిదోరోజు కాఫీతోపాటు ఆ పేజీ కూడా ఆయన ముందు పెట్టాను. చాలాసేపు చూసి, "నా మందు కోసమా ఇదంతా రాశావు?" అన్నారు. ఇంకెందుకనుకున్నారో!

కొత్తది కొనే ముందు లెక్కలు వేసుకున్నాం. వెనక గొట్టాల భాగం ఒక్కటీ మార్చుకోవచ్చు. కరెంటు వాడని ఆమిష్ మతస్థులు ఇక్కడ వాటిని బాగా చేస్తారని పేరు. అచ్చంగా అలాంటి కొత్త గ్యాసు ఫ్రిజ్ మాకు చెప్పిన ధర రెండువేల డాలర్ల పైమాట. మూడోది, బండి బ్యాటరీ మీద నడిచే 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్, సుమారు పన్నెండువందలు. అడవిలో కరెంటు లేకుండా రోజుల తరబడి ఉండేవాళ్ళకి గ్యాసుదే మేలు, చాలా తక్కువ తాగుతుంది. మేం రెండు రాత్రులు మించి అలా ఉండం. పైగా ఆరిజోనా ఎండలకి గ్యాసు ఫ్రిజ్ తట్టుకోవడం కష్టం. బండి కొంచెం వంకరగా ఉన్నా కంప్రెసర్‌కి పట్టింపు లేదన్నమాట విన్నాక నేను ఇంకేమీ వినలేదు. బండి కప్పు మీద సోలార్ పలకలు, ఒక లిథియం బ్యాటరీ కూడా పెట్టించాల్సి వచ్చింది, ఆ ఖర్చు వేరే. ముందే అనుకోలేదు, మీరెవరైనా కొంటే ముందే అనుకోండి.

పాత గ్యాసు గొట్టం మూయించడం మాత్రం లైసెన్సున్న మనిషి చేతే చేయించాను. సబ్బునీళ్ళు రాసి బుడగలు రాలేదని నా కళ్ళతో చూశాకే డబ్బిచ్చాను. కొత్త ఫ్రిజ్ ఎత్తు తక్కువ, పైన జానెడు ఖాళీ మిగిలింది. అక్కడ చెక్క కొట్టించి పోపులడబ్బా పెట్టుకున్నాను.

ఇప్పుడు ఎప్పుడు చూసినా 37 డిగ్రీల ఫారిన్‌హీట్. పెన్నులు హాయిగా ఉన్నాయి. ఒక్కటే లోటు. పాత ఫ్రిజ్ పక్క గోడ ఎప్పుడూ గోరువెచ్చగా ఉండేది, రాత్రి అక్కడ తోడుపెడితే తెల్లారేసరికి పెరుగు గడ్డలా తోడుకునేది. ఇప్పుడు గిన్నెకి మావారి పాత శాలువా చుట్టి మంచం కింద పెడుతున్నాను.