ఆపద వేళ ఎటు పరుగెత్తాలి?

"డాక్టరు గారూ, అర్ధరాత్రి ఏదైనా ముంచుకొస్తే ఏ ఆసుపత్రికి వెళ్ళమంటారు?" అని చాలామంది అడుగుతుంటారు. "పెద్దాసుపత్రికి" అని ఒక్క ముక్కలో చెప్పేస్తే సరిపోదు. జబ్బును బట్టి ఆసుపత్రి. కొన్నింటికి దగ్గర్లో ఉన్నదే మేలు. కొన్నింటికి దాన్ని దాటి పోవటమే మేలు.

28 ఏళ్ళుగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేస్తున్నాను. ఆలస్యంగా వచ్చిన రోగుల్లో చాలామంది ఇంట్లోంచి తొందరగానే బయలుదేరి ఉంటారు. దారిలో రెండు మూడు గుమ్మాలు ఎక్కి దిగి మా దగ్గరకు చేరేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

పాము కాటు సంగతే చూడండి. మన దేశంలో వాడే విరుగుడు ఇంజక్షను నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుకపింజర - ఈ నాలుగింటి విషానికీ పనిచేస్తుంది. కనుక పామును చంపి తేనక్కర్లేదు. గట్టిగా తాడు కట్టవద్దు, గాయం కోయవద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, ఆ ఇంజక్షను ఉన్న దగ్గరి ఆసుపత్రికి వెళ్ళండి. కట్లపాము మరీ మోసకారి. నేల మీద నిద్రపోయే వాళ్ళను రాత్రిపూట కరుస్తుంది, నొప్పి కూడా తెలియకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచిన ఒక కుర్రవాడికి గ్యాసు నొప్పి అని ఒకచోట సూది వేశారు. తరవాత మంత్రం వేయించారు. మా వార్డుకు వచ్చేసరికి కనురెప్పలు వాలిపోయాయి, ఊపిరి అందటంలేదు. గొంతులోకి గొట్టం వేసి శ్వాస ఇప్పించవలసి వచ్చింది. ఆ కుర్రవాడు బతికాడు. అందరికీ అంత అదృష్టం ఉండదు.

గుండెనొప్పికీ ఈ 'గ్యాసు' అనే మాటే శత్రువు. ఛాతీ మీద బండ పెట్టినట్టు బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి కనిపిస్తే సోడా తాగించి కూర్చోకండి. చక్కెర వ్యాధి ఉన్నవారికి నొప్పి లేకుండా ఆయాసం, చెమటలు మాత్రమే రావచ్చు. రోగిని నడిపించవద్దు, స్కూటరు ఎక్కించవద్దు. 108కి ఫోను చేసి, ఇ.సి.జి. తీసే దగ్గరి ఆసుపత్రికి చేర్చండి. ఎలర్జీ, కడుపులో పుండు, రక్తస్రావం లేనివారైతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించవచ్చు.

పక్షవాతానికి మాత్రం లెక్క వేరు. మూతి వంకరపోయినా, చెయ్యి జారిపోతున్నా, మాట తడబడినా చిన్న ఆసుపత్రుల చుట్టూ తిరగకండి. సి.టి. స్కాను ఉన్నచోటికే తిన్నగా పోవాలి. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజక్షను జబ్బు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. అందుకని ఎన్ని గంటలకు మొదలయిందో గుర్తుపెట్టుకోండి. నోట్లో కాఫీ, నీళ్ళు పోయకండి, పొరబోతుంది. గుండెనొప్పికి చెప్పిన ఆస్పిరిన్ ఇక్కడ పనికిరాదు. మెదడులో నరం చిట్లిందేమో స్కాను తీస్తేగాని తెలియదు.

ఇక రోడ్డు ప్రమాదం. "పోలీసు కేసు మన మెడకు చుట్టుకుంటుందేమో" అని తప్పుకుపోయేవారున్నారు. పోలీసు తతంగం కోసం ఆగకుండా ముందు ప్రాణం కాపాడాలని సుప్రీంకోర్టు 1989లోనే డాక్టర్లందరికీ చెప్పింది. సదుద్దేశంతో సాయపడినవారికి 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ ఇస్తోంది. భయం వద్దు.

ఈ ఆదివారం ఒక పని చేయండి. మీకు దగ్గర్లో పాము విరుగుడు మందు ఎక్కడ ఉంది, రాత్రి కూడా ఇ.సి.జి. ఎక్కడ తీస్తారు, సి.టి. స్కాను ఎక్కడుంది - మూడూ కనుక్కుని, ఫోను నెంబర్లతో కాగితం మీద రాసి వంటింటి గోడకు అంటించండి. చదువుకున్న పిల్లలచేత ఇంట్లో పెద్దవాళ్ళకు ఒకసారి చదివి వినిపించండి. ఆపద వచ్చినప్పుడు ఇంట్లో ఎవరుంటారో ఎవరికి తెలుసు?