గుండమ్మ పక్షం

పాత సినిమా ఇంట్లో చూసేటప్పుడు ఎవరూ నోరు మూసుకుని కూర్చోరు. కూర్చోకూడదు కూడా. కొత్త సినిమా అయితే తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రం ఉంటుంది, పక్కవాళ్ళు మాట్లాడితే విసుగొస్తుంది. ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’, ‘గుండమ్మ కథ’లకు ఆ బెంగ లేదు. కథ అందరికీ కంఠతా వచ్చు. అందుకని కళ్ళు హీరో మీంచి పక్కకు జరుగుతాయి. వెనక నిలబడ్డ మనిషి మొహం, సావిత్రి కట్టిన చీర, పెరట్లో రోలు అప్పుడే కనిపిస్తాయి. కనిపించినదాని మీద ఎవరికి తోచిన మాట వాళ్ళు అంటారు. ఆ మాటలంటే నాకు ప్రాణం.

‘మిస్సమ్మ’ పెట్టగానే నాన్న భానుమతి సంగతి ఎత్తుతారు. మిస్సమ్మ వేషానికి ముందు అనుకున్నది ఆవిణ్ణే. కొంత షూటింగ్ కూడా అయ్యాక సావిత్రి వచ్చింది. “భానుమతి అయితే ఆ కోపానికి ఎదురుండేది కాదు” అంటారాయన. “సావిత్రి కోపం వెనక బెదురు కూడా ఉంటుంది, అదే అందం” అంటుంది అమ్మ. ‘మాయాబజార్’ దగ్గర మాత్రం మాకు పేచీ లేదు. 2010లో రంగులద్ది విడుదల చేసిన ప్రతి మా ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ అందులోని వెన్నెలను నలుపు తెలుపుల్లోనే ఊహించి తీశారు. దానికి రంగు అక్కర్లేదు.

అసలు చర్చంతా ‘గుండమ్మ కథ’ దగ్గరే.

ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్న సినిమాకి 1962లో విజయా వారు సూర్యకాంతం పాత్ర పేరు పెట్టారు. ఎంత ధైర్యం! “కథ ఆవిడది కాబట్టి” అని అమ్మ తేల్చేసింది. తర్వాత ఇంకో మాట అంది: “గయ్యాళి అంటారు గానీ, పాపం ఆవిడకి భయం.”

భర్త లేడు, ఆస్తి ఉంది. ఒక పక్క సవతి కూతురు లక్ష్మి, ఇంకో పక్క కన్నకూతురు సరోజ. ఘంటయ్య లాంటి జిత్తులమారులు చుట్టూ కాచుకుని ఉన్నారు. నోరు లేకపోతే ఆ ఇల్లు నిలిచేదా అని అమ్మ ప్రశ్న. ఆ మాట విన్నాక నాకు సూర్యకాంతం వేరేగా కనిపించడం మొదలుపెట్టింది. ఎడమచెయ్యి ఆడిస్తూ లక్ష్మిని అదిలించే ఆ గొంతే సరోజ దగ్గర మెత్తబడుతుంది. చివర్లో ఛాయాదేవి దుర్గమ్మగా దిగి పెత్తనం లాక్కున్నప్పుడు, అంతవరకూ ఎవర్నీ లెక్కచెయ్యని మనిషి ఇంకో నోటి ముందు కుంచించుకుపోతుంది. చిన్నప్పుడు మేం అక్కడ చప్పట్లు కొట్టేవాళ్ళం. తగిన శాస్తి జరిగిందని సంబరం. ఇప్పుడు ఆ సీను వస్తుంటే గుండె కలుక్కుమంటుంది. అన్యాయం చేసిన మనిషే, కానీ నటి ఆ కంగారుని ఎక్కడా నవ్వులపాలు కానివ్వలేదు. ఎంత గొప్ప నటి!

అంజి వేషంలో ఎన్టీఆర్ పాట పాడుతూ రుబ్బురోలు దగ్గర చేరే చోట పిన్నికి మాట ఆగదు. “ఆ రోజుల్లో ఏ మగాడు రోలు దగ్గరికి వచ్చాడే? ఆడవాళ్ళు ఈ పాట కోసమే మళ్ళీ మళ్ళీ వెళ్ళుంటారు.” ఇది నిజమేననిపిస్తుంది నాకు. అంత పేరున్న హీరో నిక్కరు వేసుకుని ఇంటిపని చేస్తుంటే చూసే వాళ్ళ ఒళ్ళు పులకరించి ఉంటుంది.

సరోజ విషయంలో మాత్రం పెద్ద గొడవ. ఏఎన్నార్ వేసిన రాజా ఆమెను పెళ్ళి చేసుకుని, నాటకమాడి, తోటపనికి తీసుకుపోతాడు. మా అమ్మాయికి ఇది బొత్తిగా సహించదు. “పొగరుంటే ఉండనీ, అబద్ధం చెప్పి కూలిపని చేయిస్తారా?”

“లేకపోతే ఆ పిల్ల దారికొచ్చేదా?” అంటుంది పిన్ని.

నేను మా అమ్మాయి వైపే. సరోజగా వేసిన జమున కళ్ళలో ఆ మొదటి రోజుల బిత్తరపాటు చూస్తే నవ్వు రాదు. గుండమ్మ భయాన్ని అంత ఓపిగ్గా చూపించిన సినిమా, సరోజ మనసులోకి తొంగిచూడలేదు. పొగరు దించే పని మీదే తొందరపడింది.

“తల్లి పెంపకం అలాంటిది మరి” అని పిన్ని.

“తల్లి అలా ఎందుకు పెంచిందో అడగవేం?” అని అమ్మ మళ్ళీ గుండమ్మని వెనకేసుకొచ్చింది. ఈసారి మా అమ్మాయి కూడా ఆవిడ వైపే.